కొత్త స్క్రీను మొరాయిస్తే



ఫోను స్క్రీను పగిలితే ఏం చేయాలో ఈ రోజుల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బజారుకు తీసుకెళ్తాం, బేరమాడతాం, గంటో రెండు గంటలో కూర్చుంటే కొత్తది వేసి చేతిలో పెడతారు. చిక్కంతా ఆ తరవాతే. ఇంటికొచ్చి చూస్తే టచ్ ఒక మూల పలకదు. లేదా ఎవరూ ముట్టుకోకుండానే యాప్‌లు వాటంతటవే తెరుచుకుంటాయి. ఫోనెత్తి మాట్లాడుతుంటే తెర నల్లబడుతుంది, కాల్ కట్ చేద్దామన్నా వెలగదు. కొన్నిసార్లు వారం పది రోజులు చక్కగా పనిచేసి, ఒక రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక పొద్దుటికి ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ షాపుకు వెళ్తే, "మొన్న మీ ముందే ఆన్ చేసి చూపించాం కదా సార్" అంటారు. "స్క్రీను వేసింది మీరే కదా" అంటాం మనం. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ రెండు నిజాలూ వాదులాడుకుంటే మాత్రం ఫోను బాగుపడదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదీ. స్క్రీను మార్చాక వచ్చిన లోపం స్క్రీనులోనే ఉండి తీరాలని లేదు. అది కొత్త స్క్రీనులో ఉండొచ్చు, దాన్ని బోర్డుకు కలిపే స్ట్రిప్పులో ఉండొచ్చు, మదర్‌బోర్డులో ఉండొచ్చు, బిగించిన తీరులో ఉండొచ్చు, ఫోను సాఫ్ట్‌వేర్‌లో ఉండొచ్చు. ఈ అయిదింటిలో ఏదో తేల్చుకోకుండా మళ్లీ స్క్రీను మార్పించడం డబ్బు దండగ. తేల్చుకునే పనిలో చాలా భాగం స్క్రూ ఒక్కటీ విప్పకుండా ఇంట్లోనే చేయొచ్చు.

మనం స్క్రీను అని ఒక్క మాటలో అనేదాంట్లో నిజానికి మూడు వస్తువులున్నాయి. పైన గట్టి అద్దం. దాని కింద వేలిని గుర్తించే టచ్ పొర. ఆ కింద బొమ్మ చూపించే డిస్‌ప్లే. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి టచ్ పొర డిస్‌ప్లేలోనే కలిసి ఉంటుంది. ఇవన్నీ పారదర్శకమైన జిగురుతో అతుక్కుని ఒకే ముక్కగా వస్తాయి. రిపేరు బజారులో దీన్ని కాంబో అంటారు, కొందరు ఫోల్డర్ అంటారు. దీని వెనక నుంచి కాగితమంత పలచని రిబ్బను ఒకటి బయల్దేరి మదర్‌బోర్డు మీది కనెక్టరులో కూర్చుంటుంది. అదే స్ట్రిప్పు. బొమ్మ, వెలుతురు, వేలి స్పర్శ, అన్నీ ఆ చిన్న కనెక్టరు గుండానే రాకపోకలు సాగించాలి.

టచ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మొదట మొరాయించేది అదే. ఆ పొరలో కంటికి కనిపించని వాహక గీతలు పడుగూ పేకల్లా నిలువుగా, అడ్డంగా పరచి ఉంటాయి. నిలువు గీతా అడ్డగీతా కలిసే ప్రతి చోటా కాస్తంత విద్యుదావేశం నిలిచి ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే అందులో కొంత వేలివైపు మళ్లుతుంది. ఎక్కడ ఎంత తగ్గిందో టచ్ ఐసీ అనే చిప్పు క్షణక్షణం కొలుస్తూ, వేలు ఎక్కడ పడిందో లెక్క కడుతుంది. నొక్కిన బలంతో దానికి పని లేదు. గోటితో ఎంత పొడిచినా ఫోను పలకనిది అందుకే. ఈ పద్ధతి మొబైల్ ఫోన్ల కోసం పుట్టింది కాదు. ఇంగ్లాండులోని మాల్వెర్న్‌లో ఉన్న రాడార్ పరిశోధన సంస్థలో ఇ.ఎ. జాన్సన్ అనే ఇంజనీరు, విమానాల రాకపోకలను నియంత్రించేవారికి ఉపయోగపడుతుందని 1965లో దీన్ని ప్రతిపాదించాడు.

ఆ కొలిచే ఆవేశం అతి స్వల్పం. కాబట్టే దాన్ని చెడగొట్టడం చాలా తేలిక. చెమట, నీటి చుక్క, మందపాటి టెంపర్డ్ గ్లాస్, నాసిరకం ఛార్జరు, సరిగా అంటని ఎర్తింగు, ఏదైనా చాలు. ఈ మాట గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయే పరీక్షలకు కారణం తేలిగ్గా తెలుస్తుంది.

ఇక పరీక్షలు. షాపుకు పరిగెత్తే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: లోపం ఎప్పుడు మొదలైంది? బిగించిన నిమిషం నుంచీ ఉంటే స్పేరునో స్ట్రిప్పునో అనుమానించాలి. ఒకటి రెండు రోజులు బాగుండి తరవాత వస్తే, సరిగా కూర్చోని కనెక్టరో లోపల ఏదో ఒత్తిడో కారణం కావచ్చు. అప్‌డేట్ అయిన వెంటనే వస్తే సాఫ్ట్‌వేర్. ఛార్జింగ్ పెట్టినప్పుడు మాత్రమే వస్తే ఛార్జరు. ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చుని లేచాక వస్తే వంగిన ఫ్రేము. ఈ ఒక్క జవాబు స్పష్టంగా చెప్పగలిగితే మెకానిక్‌కు సగం దారి చూపించినట్టే.

మొదటి రకం సమస్య, తెర పూర్తిగా నల్లగా ఉండడం. ఇంకో ఫోనుతో మీ నంబరుకు కాల్ చేయండి. రింగవుతోందా, వైబ్రేషన్ వస్తోందా? వస్తోందంటే ఫోను బతికే ఉంది, చూపు మాత్రమే పోయింది. అప్పుడు బలవంతపు రీస్టార్ట్ చేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఐఫోను 8, ఆ తరవాతి మోడళ్లలో అయితే వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి నొక్కి వదిలి, తగ్గించే బటన్ ఒకసారి నొక్కి వదిలి, పక్క బటన్‌ను యాపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి. దీనివల్ల మీ ఫొటోలు, నంబర్లు పోవు, భయం లేదు.

అప్పటికీ వెలగకపోతే చీకటి గదిలోకి వెళ్లి తెర మీద టార్చి వెలుతురు ఏటవాలుగా వేసి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తోందా? అయితే డిస్‌ప్లే పనిచేస్తోంది, వెనక వెలిగే దీపం మాత్రం పోయింది. మెకానిక్‌లు "లైట్ పోయింది" అనేది దీన్నే. ఈ పరీక్ష ఎల్‌సీడీ రకానికే పనికొస్తుంది. ఎల్‌సీడీ తనంతట తాను వెలగదు, వెనక నుంచి దీపం వెయ్యాలి. ఓఎల్ఈడీ రకంలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, వెనక దీపమే ఉండదు. కాబట్టి అక్కడ టార్చి పెట్టి ప్రయోజనం లేదు.

లైట్ పోవడానికి తరచూ ఒక తొందరపాటు కారణమవుతుంది. స్క్రీను మార్చేటప్పుడు ముందు బ్యాటరీ కనెక్టరు విడదీయాలి, ఆ తరవాతే డిస్‌ప్లే స్ట్రిప్పు తీయాలి, పెట్టాలి. బ్యాటరీ తగిలించి ఉండగానే స్ట్రిప్పు కూర్చోబెట్టబోతే, కనెక్టరు ఒక పక్కగా తగిలి పక్కపక్క పిన్నులు కలిసిపోయి, లైట్‌కు కరెంటు పంపే దారిలో ఉన్న చిన్న భాగం కాలిపోవచ్చు. అప్పుడు ఎన్ని కొత్త స్క్రీన్లు తగిలించినా చీకటే. ఆ భాగాన్ని మైక్రోస్కోపు కింద మార్చగల బోర్డు మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. ఇంకో ప్రమాదం స్క్రూలది. కొన్ని ఫోన్లలో, ముఖ్యంగా ఐఫోన్లలో, ఒకదాని పక్కన ఒకటి ఉండే స్క్రూల పొడవుల్లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డు లోపలి పొరను తొలిచేస్తుంది. మంచి మెకానిక్ విప్పిన స్క్రూలను విప్పిన వరసలోనే అయస్కాంతం చాప మీద పేర్చుకుంటాడు. అన్నీ ఒకే మూతలో గుమ్మరించే చోట మీ ఫోను విప్పనివ్వకండి.

రెండో రకం సమస్య, బొమ్మ బాగుండి టచ్ పనిచేయకపోవడం, లేదా తనంతట తానే పనిచేయడం. రెండోదాన్ని గోస్ట్ టచ్ అంటారు. ముందు ఛార్జరు పీకండి. తెర పొడిగుడ్డతో తుడవండి. స్క్రీనుతో పాటు వేయించిన టెంపర్డ్ గ్లాస్ ఉంటే తీసేసి చూడండి. ఛార్జరు పీకగానే గోస్ట్ టచ్ ఆగిపోతే స్క్రీనును తిట్టకండి. నాసిరకం ఛార్జరు నుంచి వచ్చే విద్యుత్ అలజడిని టచ్ ఐసీ వేలి స్పర్శ అనుకుంటోంది. మంచి ఛార్జరు పెట్టి చూడండి. అప్పటికీ ఆగకపోతే ఆండ్రాయిడ్ ఫోనును సేఫ్ మోడ్‌లో తెరవండి. చాలా ఫోన్లలో తెర మీద కనిపించే పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటే ఆ అవకాశం వస్తుంది. సేఫ్ మోడ్‌లో మీరు వేసుకున్న యాప్‌లు నడవవు. అక్కడ టచ్ బాగుంటే తప్పు ఏదో యాప్‌ది.

టచ్ ఎక్కడ చచ్చిందో కచ్చితంగా చూపే పరీక్ష ఆండ్రాయిడ్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో ఫోను వివరాల్లోకి వెళ్లి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తట్టండి. డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త విభాగం వస్తుంది. షావోమి ఫోన్లలో బిల్డ్ నంబరుకు బదులు, పాతవాటిలో ఎంఐయూఐ వెర్షన్ మీద, కొత్తవాటిలో ఓఎస్ వెర్షన్ మీద తట్టాలి. ఆ విభాగంలో పాయింటర్ లొకేషన్ ఆన్ చేస్తే వేలు పోయిన దారంతా గీతగా పడుతుంది. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి తెరంతా వేలితో మెల్లగా గీయండి. గీత ఎప్పుడూ ఒకే చోట, ఒకే అడ్డపట్టీలోనో నిలువు పట్టీలోనో తెగుతుంటే ఆ వరస వాహక గీతలు దెబ్బతిన్నాయి. అది స్పేరు లోపమో స్ట్రిప్పు మడత లోపమో అయి ఉంటుంది. తెగే చోటు మారుతూ ఉంటే కనెక్టరు వదులు, ఎర్తింగు లోపం అనుమానించాలి. సామ్‌సంగ్ ఫోన్లలో చాలావాటికి డయలర్‌లో స్టార్, హ్యాష్, సున్నా, స్టార్, హ్యాష్ కొడితే పరీక్షల పట్టిక తెరుచుకుంటుంది. రంగులు, టచ్ అన్నీ అక్కడ చూసుకోవచ్చు.

ఎర్తింగు అన్నాను. పాత స్క్రీను వెనక అతికించిన రాగి రేకు, వాహక టేపు లాంటివి వృథాగా అంటించినవి కావు. అవి ఫోను లోహపు ఫ్రేముకు తగిలి అలజడిని అటు పంపుతాయి. పగిలిన స్క్రీను లాగేటప్పుడు అవి దాంతో పాటే ఊడిపోతాయి. కొత్తదానికి వాటిని మార్చి అంటించకపోతే ఫోను టేబులు మీద పెట్టినప్పుడు టచ్ పిచ్చిపట్టినట్టు ప్రవర్తించి, చేతిలోకి తీసుకోగానే బాగుపడే వింత జరుగుతుంది. మన శరీరమే అప్పుడు ఎర్తింగు పని చేస్తోందన్నమాట. ఈ లక్షణం కనిపిస్తే మెకానిక్‌కు తప్పక చెప్పండి.

మూడో రకం, కాల్ మాట్లాడేటప్పుడు తెర నల్లబడి తిరిగి వెలగకపోవడం. ఇది చూసి స్క్రీను పోయిందని కంగారుపడేవాళ్లున్నారు. కారణం చాలాసార్లు ప్రాక్సిమిటీ సెన్సార్. చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు చెంప తగిలి ఏదీ నొక్కుకోకుండా తెర ఆర్పేది అదే. దాని చుట్టూ చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. స్క్రీను మార్చేటప్పుడు ఆ తొడుగు పక్కకు జరిగినా, సెన్సార్ ముందు జిగురు పడినా, కొత్త టెంపర్డ్ గ్లాస్ దాన్ని కప్పేసినా, చెంప ఎప్పుడూ ఎదురుగానే ఉందని ఫోను అనుకుంటుంది. తెర మళ్లీ తెరిచి తుడిచి, తొడుగు సరిచేస్తే సరి. కొత్త స్క్రీను కొననక్కర్లేదు.

నాలుగో రకం, గీతలు, మచ్చలు, లేచిన అంచులు. ఓఎల్ఈడీ తెర మీద నల్లని మచ్చ రోజురోజుకూ పెరుగుతుంటే ఆ ప్యానెల్ లోపల చిట్లింది, అది బాగుపడదు. లోపల పాత అద్దం పెంకు మిగిలిపోయినా, ఎండిన జిగురు గడ్డ ఉండిపోయినా, పడినప్పుడు ఫ్రేము వంగినా కొత్త ప్యానెల్ మీద నిరంతరం ఒత్తిడి పడి ఇలా అవుతుంది. ఫ్రేము సరిచేయకుండా ఇంకో స్క్రీను వేసినా అదే గతి. అంచు ఒక్కటే లేచి ఉంటే జిగురు సరిగా ఆరలేదేమో చూడాలి. రిపేరు షాపుల్లో వాడే బి-7000 లాంటి జిగురు పూర్తి బలం రావడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. రబ్బరు బ్యాండ్లు వేసి అరగంటలో ఇచ్చేసిన ఫోనును ఆ రోజే బిగుతు జేబులో పెట్టుకోకూడదు.

ఒక హెచ్చరిక. స్క్రీను గానీ వెనక మూత గానీ మధ్యలో ఉబ్బి లేస్తుంటే అది జిగురు లోపం కాకపోవచ్చు, బ్యాటరీ ఉబ్బుతుండొచ్చు. తెరను నొక్కి అతికించే ప్రయత్నం చేయకండి. ఛార్జింగ్ పెట్టకండి. ఆపేసి నేరుగా షాపుకు తీసుకెళ్లండి. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంట లేస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. స్క్రీను మార్చిన ఫోను అప్‌డేట్ తరవాత ఆగిపోవడం అపోహ కాదు, ప్రపంచమంతా చూసిన విషయం. 2018 మార్చి చివర్లో యాపిల్ తన ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.3 విడుదల చేసింది. బయటి షాపుల్లో స్క్రీను మార్పించుకున్న ఐఫోను 8లు కొన్నిటికి దాంతో టచ్ పోయింది. దాదాపు నెల తరవాత, ఏప్రిల్‌లో వచ్చిన 11.3.1లో ఆ సమస్య సరిచేశామని ఆ కంపెనీయే రాసింది. అంతకు ముందు 2017 అక్టోబరులో ఐఫోను 6ఎస్‌లకూ ఇలాగే జరిగి, 11.0.3లో సవరించాల్సి వచ్చింది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. టచ్ ఐసీతో మాట్లాడే తీరు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. కంపెనీ తన స్క్రీన్లకు సరిపోయేలా ఆ తీరు మారిస్తే, పోలికలతో నడుస్తున్న కాపీ స్క్రీనుకు కొత్త భాష అర్థం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇది జరుగుతుంది. అందుకే బయటి స్క్రీను వేయించిన ఫోను అప్‌డేట్ అడిగితే, ముందు ఫొటోలు, నంబర్లు భద్రపరచుకుని, ఆ తరవాత ఒప్పుకోండి. అప్‌డేట్‌లు ఎప్పటికీ ఆపేయమని మాత్రం అనను. బ్యాంకు యాప్‌లున్న ఫోనుకు భద్రతా సవరణలు అవసరం.

వేలిముద్ర, ముఖం గుర్తించడం కూడా ఈ కోవలోవే. తెర కింద వేలిముద్ర తీసుకునే ఫోన్లలో ఒక రకం, ఓఎల్ఈడీ తెర వెలుగునే వేలి మీద వేసి, తెర గుండా చూసి ముద్రను చదువుతుంది. అలాంటి ఫోనుకు చవకగా ఎల్‌సీడీ కాపీ వేస్తే వెనక దీపపు పొర అడ్డుపడుతుంది. వేలిముద్ర ఇక పనిచేయదు, ఏ సెట్టింగ్ మార్చినా రాదు. అసలు ఓఎల్ఈడీనే వేసినా కొన్ని మోడళ్లకు కాలిబ్రేషన్, అంటే కొత్త తెరకు తగ్గట్టు సెన్సార్‌ను సర్దడం, చేయాలి. గూగుల్ తన పిక్సెల్ ఫోన్లకు ఆ సాధనాన్ని తానే అందరికీ అందుబాటులో పెట్టింది. ఐఫోను 13 వచ్చిన కొత్తలో, 2021లో, స్క్రీనులో ఉన్న చిన్న చిప్పును పాతదాని నుంచి మార్చకపోతే ఫేస్ ఐడీ ఆగిపోయేది. విమర్శలు వచ్చాక ఆ ఏడాది చివర్లో సాఫ్ట్‌వేర్‌తో సరిచేశారు. తెర రంగును వెలుతురుకు తగ్గట్టు మార్చే ట్రూ టోన్ మాయమవడం, అసలు స్క్రీను అని నిర్ధారించలేకపోతున్నామన్న సందేశం రావడం మాత్రం ఫోను చెడినట్టు కాదు. అవి లోపాలు కావు, కొత్త స్క్రీను ఎవరిదో ఫోను గుర్తుపట్టలేదని చెప్పే సూచనలు.

ఇంతకీ మనకు వేసిన స్క్రీను ఏ రకం? హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటి చోట కౌంటరు దగ్గర నిలబడితే ఒకే మోడల్‌కు నాలుగు ధరలు వినిపిస్తాయి. "ఏది వెయ్యమంటవన్నా, ఒరిజినలా, కాపీనా?" అని వాళ్లే అడుగుతారు. కంపెనీ సర్వీస్ సెంటరుకు వచ్చే సరుకు ఒకటి. పాత ఫోన్ల నుంచి తీసి పై అద్దం మాత్రం కొత్తది వేసినవి ఇంకొకటి. బయటి కంపెనీలు చేసే ఓఎల్ఈడీలు మరొకటి. ఓఎల్ఈడీ ఉండాల్సిన చోట పెట్టే ఇన్‌సెల్, టీఎఫ్‌టీ అనే ఎల్‌సీడీలు చివరివి. చివరి రకం మందంగా ఉండి అంచు లేస్తుంది, నల్లని రంగు బూడిదగా కనిపిస్తుంది, ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. చవకదాన్ని కొనడం నేరం కాదు. పాత ఫోనును ఇంకో ఏడాది నడిపించాలంటే అదే చాలు కూడా. చవకదాన్ని ఒరిజినల్ ధరకు కొనడమే నష్టం. కాబట్టి ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.

కౌంటరు దగ్గర చేయాల్సింది ఇంకా ఉంది. జిగురు పెట్టకముందే, స్ట్రిప్పు తగిలించి ట్రయల్ చూపించమనండి. స్క్రీను మీది ప్లాస్టిక్ ఫిల్మ్ తీశాక వాపసు తీసుకోబోమని చాలా షాపులవాళ్లు అంటారు. కాబట్టి ఫిల్మ్ ఉండగానే తెల్లని తెర, నల్లని తెర చూడండి. ఏదైనా యాప్ గుర్తును నొక్కి పట్టి తెరంతా తిప్పండి, ఎక్కడా జారిపోకూడదు. ఒక కాల్ చేసి చెవి దగ్గర పెట్టి తీయండి. ముందు కెమెరా, వేలిముద్ర, స్పీకరు చూడండి. ఛార్జరు పెట్టి మళ్లీ టచ్ చూడండి. ఇదంతా అయిదు నిమిషాల పని. తెర వెలగడం ఒక్కటే చూసి డబ్బులిస్తే, మిగతావన్నీ ఇంటికెళ్లాక మీరే కనుక్కోవాల్సి వస్తుంది.

పాత స్క్రీను అక్కడే వదిలేయకండి. అద్దం పగిలినా బొమ్మ, టచ్ వచ్చే పాత స్క్రీను అన్నిటికన్నా మంచి పరీక్షా సాధనం. కొత్తది మొరాయించినప్పుడు పాతదాన్ని తగిలించి చూడాలి. పాతది పనిచేస్తే బోర్డు బాగుంది, కొత్త స్క్రీనుదే తప్పు. పాతదీ పనిచేయకపోతే లోపం బోర్డులో, కనెక్టరులో ఉంది. తగువు ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పైగా ప్యానెల్ బాగున్న పాత స్క్రీన్లను అద్దం మార్చి మళ్లీ అమ్మేవాళ్లున్నారు. అది చెత్త కాదు, మీ సొమ్ము.

ఇంకో రెండు ముఖ్యమైన మాటలు. టచ్ పోయిన ఫోనులో ముఖ్యమైన సమాచారం ఉంటే కంగారుపడకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓటీజీ అడాప్టరు పెట్టి కంప్యూటరు మౌస్ తగిలిస్తే తెర మీద బాణం గుర్తు వస్తుంది. దాంతో లాక్ తీసి ఫొటోలన్నీ భద్రపరచుకోవచ్చు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ ముందుగా ఆన్ చేసి ఉంచుకోవాలి. ఇక రెండోది, రిపేరుకిచ్చేటప్పుడు లాక్ పిన్ చెప్పడం. స్క్రీను పరీక్షించడానికి మీ ఫొటోలు, యూపీఐ యాప్‌లు ఎవరికీ అక్కర్లేదు. సామ్‌సంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్ ఫోన్లలో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేసి ఇస్తే మెకానిక్ ఫోనంతా పరీక్షించగలడు, మీ సమాచారం మాత్రం కనిపించదు. అవి లేని ఫోనైతే మీరు దగ్గరుండి లాక్ తీసివ్వండి. సిమ్ము, మెమరీ కార్డు తీసి దగ్గర పెట్టుకోండి. నీరు చేరకుండా కాపాడే ఐపీ రేటింగ్ ఉన్న ఫోనైనా, ఒకసారి విప్పాక ఆ రక్షణ ముందులా ఉంటుందని నమ్మకండి.

ఇన్ని చేశాక తప్పు షాపుదేనని తేలి, వాళ్లు పట్టించుకోకపోతే? చట్టం మీ వైపుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. సరుకు లోపమే కాదు, సేవలో లోపం కూడా దాని కిందికి వస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. లోపం జరిగిన రెండేళ్లలోపు, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. లాయరు ఉండాలనే నియమమూ లేదు. కావలసిందల్లా బిల్లు. తెల్ల కాగితం మీద అంకె వేసిచ్చే షాపులో రిపేరు చేయిస్తే ఈ దారుల్లో వెళ్లడం కష్టమవుతుంది.

బయట స్క్రీను మార్పించాం కాబట్టి కంపెనీ దగ్గర మనకు ఏ హక్కూ లేదనుకునేవాళ్లకు ఆస్ట్రేలియా తీర్పు ఒకటి చెప్పాలి. బయటి రిపేరు జరిగిందన్న కారణంతో పరిహారం లేదని యాపిల్ కొందరు వినియోగదారులకు చెప్పింది. అది తప్పుదోవ పట్టించడమేనని అక్కడి ఫెడరల్ కోర్టు 2018 జూన్‌లో 90 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. స్పేర్ల వివరాలు, వారంటీ, అధీకృత సర్వీస్ సెంటర్ల సమాచారం కంపెనీలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. ఏ స్పేరు ఎంతకు దొరుకుతుందో చూశాకే బజారుకు బయల్దేరితే బేరంలో మోసపోయే అవకాశం తగ్గుతుంది.

శ్రోతలారా, చివరిగా ఒక విన్నపం. కొత్త స్క్రీను మొరాయిస్తే కోపంతో షాపు మెట్లెక్కకండి. లోపం ఎప్పుడు వచ్చిందో, ఏ చోట వచ్చిందో, ఏం చేస్తే ఆగిందో చూసుకుని, బిల్లూ పాత స్క్రీనూ చేతబట్టుకుని వెళ్లండి. అన్ని వివరాలతో వచ్చిన మనిషిని "ఏదో అయింది లెండి" అని పంపేయడం ఏ షాపువాడికీ కుదరదు. సెలవు.